నడుం దాకా జుట్టుకి ఎనిమిదే క్లిప్పులా?

భుజాల దాకా జుట్టు ఉండి, అదీ కాస్త పల్చగా ఉన్నవాళ్లయితే, వేడి లేకుండా జుట్టుకి అలలు తెప్పించే ఈ క్లిప్పుల సెట్ కొనుక్కోండి, 420 రూపాయలకి మోసమేమీ కాదు. నాలాగా నడుం దాటి, జడ వేస్తే పిడికిట్లో పట్టనంత ఉంటే మాత్రం కాస్త ఆగి ఇది చదవండి. పొడుగ్గానే రాస్తున్నా. నేను బెంగళూరు పీణ్యాలో ప్లాస్టిక్‌ని అచ్చుల్లో పోసే ఒక మౌల్డింగ్ యూనిట్లో క్యూసీలో, అంటే నాణ్యత చూసే చోట పనిచేస్తా. షాంపూ మూతలు, నూనె సీసా మూతలు పొద్దున ఎనిమిదిన్నర నుంచి చేతిలో తిప్పి తిప్పి చూడటమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని ఒక ప్లాస్టిక్ క్లిప్పు నెత్తిన పెట్టుకుని, దాని గురించి నాలుగు ముక్కల్లో తేల్చమంటే నా వల్ల కాదు.

వస్తువేంటో ముందు చెప్తా. కరెంటు లేదు, వేడి లేదు. మొసలి నోరు లాంటి క్లిప్పు, దవడ పొడవు 11 సెంటీమీటర్లు, వెడల్పు 4. కింది దవడ మీద పొడుగునా మూడు గట్లు, పై దవడ మీద రెండు. మూస్తే పైవి వెళ్లి కింది వాటి మధ్య గాడుల్లో కూర్చుంటాయి. తడి జుట్టుని వెడల్పుగా పరిచి ఆ దవడల మధ్య అడ్డంగా పెట్టి మూస్తే, వెంట్రుకలు గట్టు ఎక్కి గాడిలో దిగి మళ్లీ గట్టెక్కి అలా వంగి ఉంటాయి, ఆరాక తీస్తే అల. ఇలాంటివి ఎనిమిది. ఇవి కాక ఉంగరాలు తిప్పుకోవడానికి వేలెడు లావు గొట్టాలు నాలుగు, జుట్టు చుట్టాక పైన మూత పట్టుకునేవి. డబ్బా మీద బ్రాండు పేరంటూ లేదు. పొట్టి జుట్టు అమ్మాయి ఫొటో, చైనా అక్షరాలు, కింద ఇంగ్లీషులో మూడు లైన్లు, అంతే.

ఎందుకు కొన్నానంటే నెల్లూరులో మా పిన్ని కూతురి నిశ్చితార్థం. పోయినేడాది ఇంకో పెళ్లికి పార్లర్లో వేడి రాడ్డుతో రింగులు తిప్పించుకున్నా. చెవి పైన అంటుకుని వారం రోజులు మచ్చ, తర్వాత చివర్లన్నీ చిట్లిపోయి చీపురులా తయారయ్యాయి. ఆ రాడ్డు డిస్‌ప్లేలో 210 డిగ్రీలు అని కనపడుతుంటే, మా మెషిన్లో పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కరిగించడానికి పెట్టే టెంపరేచర్‌కి ఎంతో దూరం లేదు కదా అనుకుంటూనే కూర్చున్నా, బుద్ధి లేక. అందుకే ఈసారి వేడి లేనిది అనుకున్నా.

మా దాసరహళ్లిలో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా చిక్‌పేట్. ఆదివారం సందుల్లో భుజాలు రాసుకుంటూ నడిచి ఒక ఫ్యాన్సీ కొట్టుకి వెళ్లా. "ఏన్ బేకు అక్కా" (ఏం కావాలి అక్కా) అన్నాడు కుర్రాడు, నేను తడబడి కన్నడంలో ఏదో మొదలెట్టగానే "తెలుగులోనే చెప్పక్కా" అనేశాడు. నా కన్నడం అంత గొప్పది, ఐదేళ్లయింది ఇక్కడికొచ్చి. క్లిప్పు అడిగితే కౌంటర్ మీదున్న బొమ్మ తలకి పెట్టి తీసి చూపించాడు, అలలు అద్భుతంగా పడ్డాయి. పడవా మరి! ఆ బొమ్మ జుట్టు నైలాన్‌ది, అలలు ముందే వేడితో వేసిపెట్టినవి, క్లిప్పు పెట్టినా పెట్టకపోయినా అవి అలాగే ఉంటాయి. పైగా అది భుజాల దాకా కూడా లేదు. రోజూ ప్లాస్టిక్‌తో పనిచేసే నాకు ఆ మాత్రం అక్కడే తట్టాలి, తట్టలేదు. 450 చెప్పాడు, 420కి ఇచ్చాడు. పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటావా అంటే నవ్వాడు.

నెల్లూరు రాత్రి బస్సు. సాయంత్రం తలస్నానం చేసి, టవల్‌తో తడి పిండి, మూడొంతులు ఆరాక క్లిప్పులు పెట్టి మీద స్కార్ఫ్ కట్టుకుని స్లీపర్ ఎక్కా. పక్క బెర్తు ఆవిడ నా తలని చూసి "ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా" అని అడిగింది. అర్ధరాత్రి చిత్తూరు దాటాక ఎక్కడో స్పీడ్ బ్రేకర్ దగ్గర చెవి కింద టప్‌మని చప్పుడు, ఒక క్లిప్పు ఇరుసు దగ్గర విరిగింది, లోపలి స్ప్రింగు ఎగిరి దుప్పట్లో పడింది. ఫోన్ లైటు వేసి వెతుక్కున్నా, ఎవరికైనా గుచ్చుకుంటుందేమోనని టెన్షన్.

పొద్దున ఆరున్నరకి పిన్ని వాళ్లింట్లో అద్దం ముందు ఒక్కొక్కటే తీశా. అబద్ధం చెప్పను, చెవుల దగ్గర్నుంచి భుజాల దాకా అలలు చాలా బాగా వచ్చాయి, వేడి రాడ్డుతో వచ్చే బిరుసుతనం లేకుండా మెత్తగా. భుజాల కింద మాత్రం జుట్టు కొబ్బరి పీచులా నిటారుగా వేలాడుతోంది, ఎందుకంటే అక్కడికి క్లిప్పులు చాలలేదు. లెక్క మీరే చూడండి. ఒక్కో క్లిప్పు 4 సెంటీమీటర్ల పొడవు జుట్టుని పట్టుకుంటుంది. నాకు చెవి నుంచి కిందికి 60 సెంటీమీటర్లు. క్లిప్పుకీ క్లిప్పుకీ మధ్య ఒక క్లిప్పంత ఖాళీ వదిలినా ఒక్క పక్కకే ఏడెనిమిది కావాలి. రెండు పక్కలకీ పదిహేను, వెనక జుట్టు సంగతి దేవుడెరుగు. డబ్బా మీది అమ్మాయికి పక్కకి నాలుగు సరిపోయాయి. మన ఇళ్లలో సగం మందికి ఆ కొలత కుదరదు. "సగం సముద్రం, సగం కాలువ" అంది మా వదిన. మొత్తం కలిపి జడ వేసేసింది.

పోనీ పైన వచ్చినవైనా నిలిచాయా అంటే అదీ లేదు, పదకొండున్నరకి తాంబూలాలు మార్చుకునే టైముకి ముంగురులన్నీ సాగిపోయి నుదుటికి అంటుకున్నాయి. ఇది క్లిప్పు తప్పు కాదు, నెల్లూరు గాలి. జుట్టు కెరటిన్ అనే ప్రొటీన్, ఆ గొలుసుల మధ్య బోలెడన్ని హైడ్రోజన్ బంధాలుంటాయి. తడిస్తే నీళ్లు మధ్యలో దూరి వాటిని విడగొడతాయి, ఆరేటప్పుడు జుట్టు ఏ వంపులో ఉందో ఆ వంపులోనే మళ్లీ ముడిపడతాయి. క్లిప్పు చేసే పని ఆ ఆరేసేపు వంపు చెడకుండా పట్టుకోవడమే. రాత్రి తడి జడ వేసుకుని పడుకుంటే తెల్లారి జుట్టు మెలికలు తిరిగి ఉండేది కూడా ఇందుకే. గాలిలో తేమ ఎక్కువుంటే అదే కథ వెనక్కి నడుస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు, ఎండాకాలం మధ్యాహ్నం గాలి బాగా పొడి, ఇక్కడ నాకు అదే అల సాయంత్రం దాకా ఉంటోంది. సముద్రం పక్క ఊళ్లకి, మద్రాసుకైనా నెల్లూరుకైనా కాకినాడకైనా, దీన్ని నమ్ముకుని ఫంక్షన్‌కి వెళ్లకండి. ఎప్పటికీ పోకుండా ఉండాలంటే గంధకం బంధాలు తెంచి మళ్లీ కట్టాలి, అది పార్లర్లో మందు పూసి చేసే పర్మింగ్, ఆ వాసన ఒక్కసారి పీల్చినవాళ్లు మర్చిపోరు.

అసలు ఈ అలల పిచ్చి మన కాలంది కాదు. 1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో వేడి పటకారుతో అలలు తిప్పడం మొదలెట్టాడు. తర్వాత కార్ల్ నెస్లర్ అనే జర్మన్ ఇత్తడి రోలర్లు వేడిచేసి, అల శాశ్వతంగా ఉండేలా చేస్తానని మొదట్లో ప్రయోగాలన్నీ పెళ్లాం జుట్టు మీదే చేశాడు, పాపం ఆవిడ జుట్టు కాలిపోయింది కూడా. నాకు నచ్చింది మాత్రం షికాగో మార్జరీ జాయ్‌నర్. మాంసం ముద్ద లోపలి దాకా ఉడకడానికి వంటింట్లో గుచ్చే చువ్వల్ని చూసి, జుట్టునీ అలాగే చువ్వలకి చుట్టి వేడిచేస్తే అనుకుని మెషిన్ తయారుచేసి 1928లో పేటెంట్ తీసుకుంది. పక్కనున్న వస్తువుని చూసి ఆలోచించింది కదా, మా డిపార్ట్‌మెంట్ మనిషే అనిపించింది.

ఇప్పుడు నా అసలు కంప్లైంట్. క్లిప్పు ఒక చివరే ఇరుసు, అక్కడే స్ప్రింగు. జుట్టు పల్చగా ఉంటే దవడ పొడుగునా సమంగా పరుచుకుంటుంది, గట్లు గాడుల్లో కూర్చుంటాయి, బాగుంటుంది. ఒత్తు జుట్టు అలా పరుచుకోదు, మూసేటప్పుడు జారి ఇరుసు వైపు పోగవుతుంది. మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూశా. ఇరుసుకి 20 మిల్లీమీటర్ల దూరంలో జుట్టు 4 మిల్లీమీటర్ల మందం ఉంటే, 110 దగ్గరున్న కొస 22 మిల్లీమీటర్లు తెరుచుకుని కాకి ముక్కులా ఉంటుంది. గట్ల ఎత్తేమో ఆరే. ఇక ఆ కొసలో ఉన్న జుట్టుని పట్టుకునేదెవరు? అందుకే నా అలలు చెవి వైపు లోతుగా, ముఖం వైపు తేలిపోయి వచ్చాయి. స్ప్రింగు ఇంకా గట్టిది వేస్తే సరిపోతుందనుకోకండి, ఇరుసు దగ్గర జుట్టు నలిగి నొక్కు పడుతుంది, కొస మాత్రం అంతే. కావాల్సింది రెండో చివర కూడా ఒక పట్టు. టిఫిన్ క్యారియర్‌కి రెండు పక్కలా కమ్మీలు ఎందుకుంటాయి? ఒక పక్కే ఉంటే సాంబారు ఎవరి ఒళ్లో ఉండేదో తెలుసు కదా. క్లిప్పు కొసకి ఆఫీసు రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి చూశా, అల పొడుగునా ఒకేలా వచ్చింది. కాకపోతే తీసేటప్పుడు బ్యాండు నాలుగు వెంట్రుకల్ని పీక్కుని వచ్చింది. పాత రిబ్బను ముక్కతో కట్టండి, అది నయం.

ఇంకోటి, దవడ అంచు మీద గోరు పెట్టి రాయండి. గరుగ్గా తగిలిందా? అచ్చు రెండు సగాలు కలిసే చోట ప్లాస్టిక్ కాగితంలా బయటికి పొంగుతుంది, మేం ఫ్లాష్ అంటాం. ఇలాంటి పీసు నా టేబుల్ మీదికొస్తే పక్కన ఎర్ర ట్రేలో పడేస్తా. తడి జుట్టు అసలే ఉబ్బి, మెత్తబడి ఉంటుంది, ఆ గరుకు దానికి రంపంలా పనిచేస్తుంది. నా సెట్లో ఎనిమిదిట్లో ఐదింటికి ఉంది. గోళ్ల ఫైలుతో ఒక్కోదాన్నీ రెండు నిమిషాలు రుద్దితే పోయింది. స్ప్రింగుకి మాత్రం మందు లేదు. పదో రోజుకల్లా తుప్పు, తెల్ల దిండు గలీబు మీద కాఫీ చుక్కల్లాంటి మరకలు. అమ్మ ఫోన్‌లో వీడియోలో చూసి "తలకి ఇనుము కట్టుకుని పడుకుంటావేమే, ఇంట్లో నూనె లేదా" అంది. నూనె పెడితే క్లిప్పు జారిపోతుందమ్మా అంటే, జారిపోనీ, మంచిదే అంది.

నూనె మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, నూనె తలకి ఇది అస్సలు నిలవదు. మా దాసరహళ్లి బోరు నీళ్లకి జుట్టు ఎలాగూ ఎండుగడ్డిలా అవుతుంది కాబట్టి నాకు నూనె మానే ధైర్యం లేదు. వారంలో ఆరు రోజులు నూనె, శనివారం రాత్రి తలస్నానం, ఆదివారం అలలు, అలా సర్దుకున్నా.

అన్నింటికన్నా విసుగు తెప్పించింది ఆరకపోవడం. రాత్రి పదికి పెడితే పొద్దున ఆరుకి తీసినప్పుడు పై పొర ఆరి, లోపల చెమ్మగానే ఉంది, ముతక వాసన కూడా. చూస్తే దవడలు రెండూ మూతపెట్టిన గిన్నెలా ఉన్నాయి, గాలి పోవడానికి ఒక్క కన్నం లేదు. ఆరడమే దీని పని, ఆ ఆరడానికే దారి పెట్టలేదు. మర్నాడు రెండు క్లిప్పులు డబ్బాలో పెట్టుకుని వెళ్లి, లంచ్ టైములో టూల్ రూమ్ అన్నని బతిమాలుకున్నా. "ఏంటమ్మా, కొత్త కస్టమరా" అని నవ్వాడు గానీ దవడకి ఏడు చొప్పున 3 మిల్లీమీటర్ల కన్నాలు వేసి, ప్రతి కన్నం అంచూ పెద్ద డ్రిల్లు బిట్టుతో తిప్పి నున్నగా చేసిచ్చాడు. ఆ రాత్రి ఎడమ పక్క కన్నాలున్నవి, కుడి పక్క లేనివి పెట్టుకుని పడుకున్నా. పొద్దున ఎడమ పక్క కరకరలాడేంత ఆరింది, అల కూడా గట్టిగా ఉంది. కుడి పక్క మళ్లీ అదే చెమ్మ, బయటికెళ్లేలోపే జారిపోయింది. ఏడు కన్నాలు! వాటిని అచ్చులోనే పెడితే ప్లాస్టిక్ కూడా కలిసొస్తుంది, తయారుచేసినవాడికే లాభం.

ఇంక ఆగలేక నా క్లిప్పు నేనే కాగితం మీద గీసుకున్నా. స్ప్రింగు వద్దు, షాంపూ మూతకి ఉండే పల్చటి మడత చాలు. రోజూ మా లైన్లో వచ్చేది అదే, పాలీప్రొపిలీన్‌ని ఆ ఒక్క చోట 0.3 మిల్లీమీటర్ల దాకా పల్చగా పోస్తే, అచ్చులోంచి రాగానే వేడి మీద ఒకసారి వంచితే, ఆ తర్వాత ఎన్ని వేల సార్లు తెరిచి మూసినా తెగదు. తుప్పు సమస్యే లేదు. కొసకి కొక్కెం, దానికి రెండు మెట్లు, పల్చటి జుట్టుకి లోపలి మెట్టు, ఒత్తు జుట్టుకి బయటిది. గట్ల కొసలు గుండ్రంగా, గాడుల్లో కన్నాలు, దవడ రెండు అంచులూ బయటికి కాస్త ఒంపు తిరిగి ఉండాలి, లేకపోతే అల మొదలయ్యే చోట అడ్డగీతలా నొక్కు పడుతుంది. ఇప్పుడున్న క్లిప్పుతో పడుతోంది కూడా, రబ్బరు బ్యాండు తీశాక జుట్టులో మిగిలే గీత లాంటిది. మా ఆఫీసులో ఒకతను త్రీడీ ప్రింటర్లో తీసిచ్చాడు. నాలుగోసారి తెరిచేసరికి మడత విరిగింది, ఆ ప్రింటర్ ప్లాస్టిక్ పెళుసు, అది అలా వంగే రకం కాదని తెలిసీ ఆశపడ్డా. మడత తీసేసి రెండు ముక్కలుగా తీయించి మధ్యలో సన్నటి స్టీలు తీగ దూర్చాను, కొక్కెం మాత్రం బ్రహ్మాండంగా పట్టింది. అచ్చు చేయించడమంటే లక్షల్లో మాట, దాని గురించి మా సార్‌ని అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

గొట్టాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉంగరాలు వస్తాయి, కానీ వాటి మీద పడుకోలేరు, పగలు ఇంట్లో ఉండే రోజైతేనే. మూత మరీ బిగుతు, తీసేటప్పుడు గోరు విరిగింది. పాత చీర అంచు చింపి, ఆ పీలికలకి జుట్టు చుట్టి ముడేస్తే ఇవే ఉంగరాలు, మెత్తగా నిద్ర కూడా పడుతుంది.

కొనాలనుకునేవాళ్లు కొట్లోనే డబ్బా తెరిపించండి. బొమ్మ తల మీద చూపిస్తానంటే ఒప్పుకోవద్దు. క్లిప్పు మూసి వెలుతురుకి పట్టుకుంటే దవడల మధ్య సందు కొస దాకా సమంగా కనపడాలి, అంచు మీద గోరు ఆగకుండా జారాలి, స్ప్రింగు రంగు చూసి సరిపెట్టుకోకుండా అది స్టీలా కాదా అని అడగండి, చెప్పలేకపోతే స్టీలు కాదనే లెక్క. పొడుగు జుట్టువాళ్లు రెండు సెట్లు తీసుకోవాలి, అంటే 840, ఆ డబ్బుకి నేనైతే కొనను. మిగిలిన ఏడింట్లో ఐదు పక్కింటి ఇంటర్ అమ్మాయికిచ్చేశా, దానిది మెడ దాకా కత్తిరించిన జుట్టు, కాలేజీకి రోజూ అలలతోనే వెళ్తోంది. కన్నాలు వేసిన రెండూ కూడా అడిగింది. అవి మాత్రం ఇవ్వనన్నా.